పలక మీది లెక్క: మన కథానికలో చిక్కుబడిన బతుకులు

నా తరం తెలుగువారిలో చాలామందికి అక్షరాభ్యాసం మార్కాపురం పలక మీదనే జరిగింది. నల్లని రాతిపలక, చుట్టూ చెక్క చట్రం, చేతిలో బలపం. ఆ పలక ఏ నేలలో పుట్టిందో, ఎవరెవరి చేతులు మారి తమ ఒడిలోకి వచ్చిందో పిల్లలకు తెలియదు, పెద్దలు ఆలోచింపరు. పశ్చిమ ప్రకాశంలో తెలుగు పండితుడిగా మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పిన నాకు మాత్రం ఆలోచింపక తప్పలేదు. నా ఎదుట బల్లల మీద కూర్చున్న పిల్లలలో కొందరు ఆ పలకలు చేసే ఇళ్ళనుండి వచ్చినవారు.

మార్కాపురం, కంభం ప్రాంతాల నేలలో పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. గనిలోనుండి రాతిని తీయడం ఒక పని. దానిని ఉలితో పలుచని రేకులుగా విడదీయడం మరొక పని. కొలతకు కోయడం, నున్నగా అరగదీయడం, చట్రం బిగించడం, లెక్కపెట్టి కట్టలు కట్టడం - ఇన్ని చేతులు పడితే గాని ఒక పలక కాదు. రాతిధూళి ఆ చేతులవారి గొంతులోకి పోతూనే ఉంటుంది. 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానాన్ని ప్రకటించి, మరుసటి ఏడు ప్రత్యేక పథకాలను ఆరంభించింది. తొలి విడతకు ఎంచుకొన్న చోట్లలో శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ, ఫిరోజాబాదు గాజు పరిశ్రమలతోబాటు మన మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉన్నది. అనగా పిల్లల చదువుకు ఆధారమైన వస్తువు తయారయ్యే చోటనే పిల్లలు చదువుకు దూరమైనారని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయింది. ఇంతకంటె చేదైన వ్యంగ్యాన్ని ఏ కథకుడు కల్పింపగలడు?

శ్రమజీవుల, చిరుద్యోగుల బతుకులను గూర్చిన తెలుగు కథలలో ఉక్కిరిబిక్కిరితనం, దారి దొరకనితనం ఏ విధంగా ప్రవేశించాయో, కాలక్రమాన ఏ విధంగా రూపు మార్చుకొన్నాయో రాయాలని చాలా కాలంగా అనుకొంటున్నాను. ఈ సంకల్పానికి మూలం ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న.

సుమారు 2011 ప్రాంతంలో ఒకనాటి మధ్యాహ్నం పాఠ్యాంశం ముందే ముగిసింది. మిగిలిన కాసేపూ పిల్లలకు భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' కథ చెప్పాను. ఇది 1902లో 'హిందూసుందరి' పత్రికలో వెలువడింది. తెలుగులో తొలి కథానిక 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన గురజాడవారి 'దిద్దుబాటు' అని మా చదువులలో నేర్పారు. ఆ గౌరవం అచ్చమాంబగారికే చెందాలని వాదించే విమర్శకులు తరువాత బయలుదేరారు. ఆ వాదం ఎటు తేలినా నాకు ముఖ్యమని తోచిన విషయం వేరు. ఈ తొలినాటి కథలో నాయకుడు రాజు కాడు, జమీందారు కాడు. చాలీచాలని జీతం మీద బతికే గుమాస్తా. పండుగ వచ్చింది. ఇంట్లో భార్యాబిడ్డలకు ఏమీ తీసుకొనిపోలేని స్థితి. ఆ కష్టంలో అతడు యజమాని సొమ్ము మీద చేయి వేస్తాడు. భార్య ఆ సొమ్ము ముట్టదు, తిరిగి ఇచ్చివేయమంటుంది. ఆమె సౌశీల్యానికి యజమాని మెచ్చి ఆ కుటుంబాన్ని ఆదరించడంతో కథ సుఖాంతమవుతుంది.

కథ ముగించి, నీతి చెప్పడానికి గొంతు సవరించుకొంటున్నాను. వెనుక బల్లమీది కుర్రవాడొకడు లేచాడు. వాడి తండ్రి పలకల పనివాడు; ఆదివారాలలో వాడూ తండ్రికి సాయం పోయేవాడు. "సార్, ఆ సేటు మనసు కరక్కపోతే ఏమయ్యేది సార్?" అని అడిగాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. "కథలో మంచే గెలవాలి నాయనా" అని ఏదో చెప్పి కూర్చోబెట్టాను. పండితుడికి తగిన సమాధానం కాదది, బెదిరినవాడి సమాధానం.

ఆ ఏడు పదవ తరగతి పరీక్షలకు నెల ముందు వాడు బడికి రావడం మానేశాడు. ఇంటికి పోయి విచారించాను. మూటాముల్లె కట్టుకొని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు బయలుదేరే సన్నాహంలో ఉన్నారు. వాళ్ళమ్మ నన్ను చూసి తల వంచుకొని, "పరీక్ష మళ్ళా ఏడు రాసుకుంటాడు అయ్యోరా. మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకుంటిమి. పోకుంటే ఊరకుంటాడా?" అన్నది. ఆమె మాటలో కోపం లేదు, ఏడుపూ లేదు. లెక్క చెప్పినట్లు చెప్పింది. మరుసటి ఏడు వాడు పరీక్షకు రాలేదు.

ఆనాటినుండి మన కథలను నేను వాడి ప్రశ్న పట్టుకొనే చదువుతూ వచ్చాను. యజమాని మనసు కరగకపోతే? ఈ ఒక్క ప్రశ్నకు మన కథకులు తరం వెంట తరం ఇచ్చిన సమాధానాలే మన శ్రామికకథ చరిత్ర అని నాకు తోచింది.

అచ్చమాంబగారు 1905లోనే, చాలా చిన్న వయసులో, దివంగతులైనారు. ఆమె కథలో చిక్కు నిజమైనది. విడుపు మాత్రం దయవలన వచ్చింది. దీనికి ఆమెను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆనాటి సంస్కరణోద్యమమంతా మనిషి శీలం మీద నమ్మకంతో నడిచింది. శీలం బాగుంటే లోకం బాగుపడుతుందనే నమ్మిక అది. ఆ లెక్కలో తలుపు తాళం యజమాని మొలలో ఉంటుంది. మన నిజాయితీని చూపి ఆ తాళం తీయించుకోవాలి.

తరువాతి తరంలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891-1961) ఈ దయను అనుమానించారు. వారి 'గులాబీ అత్తరు' కథ చదివినవారికి గుర్తుండే ఉంటుంది. గొప్ప నేర్పుతో అత్తరు తీసిన కళాకారుడు ఒకడు దానిని ప్రభువుకు సమర్పించాలని కోట వాకిటికి వస్తాడు. ప్రభువు రసికుడే, ఆయన దాకా పోవాలంటే మాత్రం వాకిట ఉన్నవారిని దాటాలి. దాటలేక, అవమానం సహింపలేక, ఆ అత్తరును అక్కడే పగులగొట్టి పోతాడు. పరిమళం కోట అంతా నిండుతుంది. మనిషి మాత్రం లోపలికి పోలేదు. యజమాని మనసు కరగడం మాట అటుంచి, ఆ మనసు దాకా పోయే త్రోవనే లేదని శాస్త్రిగారు చూపారు. మరొక కథ 'మార్గదర్శి'లో వారు దారి కూడా సూచించారు: ఒకరి కింద కొలువు చేసి కుంగడం కంటె సొంతంగా వ్యాపారం చేసుకొని తలయెత్తుకొని బతకడం మేలని.

ఈ సమాధానంలో ఆత్మగౌరవం ఉంది. నాకెంతో ఇష్టమైన సమాధానం. అయినా మా పిల్లవాడి ఇంటి వాకిట నిలబడి చూస్తే దీనిలోనూ ఒక లోటు కనబడుతుంది. అత్తరువాడు పగులగొట్టినది తన సొంత అత్తరు. పలకలవాడికి పగులగొట్టే స్వాతంత్ర్యం కూడా లేదు. రాయి ఒకరిది, గని ఒకరిది, సరుకు ఒకరిది. చేతులు మాత్రం వాడివి. పగిలిన పలక కూలిలో కోతగా తేలుతుంది. సొంత వ్యాపారానికి పెట్టుబడి కావాలి; పెట్టుబడికి అప్పు కావాలి; అప్పు ఇచ్చేవాడు మళ్ళీ ఆ మొదటివాడే.

తెనాలి నుండి వచ్చిన కొడవటిగంటి కుటుంబరావుగారు (1909-1980) మధ్యతరగతి గృహాలలోకి దీపం పట్టుకొని వెళ్ళారు. వారి కథలలోని గుమాస్తాలను, చిన్నపాటి ఉద్యోగులను, పెళ్ళి కావలసిన ఆడపిల్లల తండ్రులను బంధించినది ఆకలి ఒక్కటే కాదు, పరువు. పక్కింటివాడు ఏమనుకొంటాడో అనే భయం. ఉన్నదానికంటె ఒక మెట్టు పైన ఉన్నట్లు కనబడాలనే తాపత్రయం. ఈ బోనుకు తలుపు లేదు, తాళమూ లేదు. లోపలివాడే బయటికి రాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాడిగా ఈ జబ్బు నాకు బాగా తెలుసు. మొదటి తారీకు జీతం అందుకొని, పదవ తారీకుకు చేబదులు కోసం చూస్తూ కూడా, ఇస్త్రీ చొక్కా లేకుండా బడికి పోని రోజులు నాకూ ఉన్నాయి.

విజయనగరం చాగంటి సోమయాజులుగారు, మన చాసో (1915-1994), ఇదే గృహాన్ని ఇంకొక వైపునుండి చూశారు. 'వాయులీనం'లో చిరుద్యోగి భార్య రాజ్యం. ఆమెకు ప్రాణప్రదమైనది వాయులీనం. జబ్బు వస్తుంది, మందులకు డబ్బు కావాలి, చివరికి ఆ వాయిద్యమే అమ్ముడుపోతుంది. గమనించండి, ఈ కథలో దుర్మార్గుడు లేడు. భర్త మంచివాడు. భార్య మంచిది. ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి ప్రేమ. అయినా ఇల్లాలి జీవితంలో సంగీతం ఆగిపోయింది. మనసు కరగవలసిన యజమాని ఈ కథలో కనబడనే కనబడడు. నెల జీతానికీ, నెల ఖర్చుకూ నడుమ ఉన్న తేడాయే అక్కడ యజమాని. అదే చాసో 'కుంకుడాకు'లో గవరమ్మ అనే పేదపిల్ల కడుపు కోసం ఆకులలములు ఏరబోయి పొలం గలవాడి దెబ్బలు తింటుంది. ఆ పిల్ల ఏడ్చి ఊరుకోదు, తిరిగి తిడుతుంది. గంప కింద నలిగే పసితనాన్ని అంత తక్కువ మాటలలో చెప్పిన కథ మనకు మరొకటి ఉన్నదా అని నాకు సందేహమే. పలకల పనికి పోయే ఆడపిల్లలు గవరమ్మ చెల్లెళ్ళే.

ఇక రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు (1922-1993). వృత్తిచేత న్యాయవాది. విశాఖపట్నం కోర్టు వరండాలలో తాము చూసిన మనుషులను 'ఆరు సారా కథలు'లోకి తెచ్చారు. మద్యనిషేధం మంచి ఉద్దేశంతో పుట్టిన చట్టమే. దాని నీడలో దొంగసారా వ్యాపారం పెరిగింది. లాభం పెద్దలకు, జైలు పేదలకు దక్కింది. యజమాని దయ లేకపోతే చట్టమున్నది కదా అని ఎవరైనా అంటే, రావిశాస్త్రిగారు ఆ చట్టం వాకిట ఎవరు నిలబడి ఉన్నారో చూపారు. శ్రీపాదవారి కోట వాకిలి ఇక్కడ కచేరీ వాకిలి అయింది. కాపలావాడి తలపాగా మారింది, అంతే.

ఈ క్రమంలో శిఖరంగా నాకు కనబడేది కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం'. వారు 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో జన్మించారు. విశాఖపట్నంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేశారు. 2021లో, తొంభై ఆరేళ్ళ వయసులో, శ్రీకాకుళంలో పరమపదించారు. 'కారా మాస్టారు' అని లోకం పిలుచుకొన్నది. ఒక బడిపంతులు ఇంతటి కథ రాశాడని నా వృత్తిని తలచుకొని గర్వపడిన సందర్భాలు ఉన్నాయి. 'యజ్ఞం' 1964లో 'యువ' మాసపత్రికలో వెలువడింది. కథ సుందరపాలెం అనే ఊరిలో. అప్పల్రాముడు అనే దళితుడు ఒక షావుకారుకు బాకీ ఉన్నాడు. ఏండ్ల తరబడి నానిన తగవు పంచాయతీకి వచ్చింది. తీర్పు చెప్పవలసిన పెద్ద శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మేలు చేసినవాడని, న్యాయం తెలిసినవాడని పేరు. ఊరు కూడా వెనుకబడినది కాదు. కొత్త కాలపు అభివృద్ధి చూసినది. ఆ అభివృద్ధి నడుమనే అప్పల్రాముడి కుటుంబం మెట్టు మెట్టుగా కిందికి జారింది.

కథాసారమంతా నేనిక్కడ చెప్పబోను. ఒక్క విషయం మాత్రం మనవి చేస్తాను. అప్పల్రాముడు బాకీ ఎగవేయాలని చూసే మనిషి కాడు. అప్పు అప్పే అని ఒప్పుకొనే స్వభావం అతనిది. ఆ ఒప్పుకోలుతోనే ఉన్న కాస్త భూమి పోయే దశకు వస్తుంది. భూమి పోతే కొడుకులు పాలేర్లవుతారు, మనుమలూ అంతే. ఆ సంగతి గ్రహించిన కొడుకు సీతారాముడు, తన పసిబిడ్డ ఆ దాస్యంలో పెరగరాదని, తన చేతులతోనే ఆ బిడ్డను చంపుతాడు. ఈ ముగింపు న్యాయమా, సహజమా అని మన సాహిత్యలోకంలో ఏండ్ల తరబడి చర్చ సాగింది. నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న రోజులలో కూడా ఆ చర్చతో రాత్రులు తెల్లవారేవి.

ఇప్పుడు 1902నూ, 1964నూ పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చమాంబగారి గుమాస్తా ఇంట నిజాయితీ తలుపు తీసింది. అప్పల్రాముడి ఇంట నిజాయితీయే తలుపు మూసింది. ఆ నడుమ అరవై రెండేళ్ళలో మన కథకులు నేర్చుకొన్న పాఠం ఇదేనని నా అభిప్రాయం. మనిషి మంచితనం చాలదు. పెద్దమనిషి మంచితనమూ చాలదు. లెక్కే తప్పుగా కట్టబడి ఉన్నపుడు, ఆ లెక్కను ఎంత నిజాయితీగా చెల్లిస్తే అంత త్వరగా మునిగిపోతాము. మా పిల్లవాడి ప్రశ్నకు కారా మాస్టారి సమాధానం ఇది: సేటు మనసు కరిగినా ఏమీ అయ్యేది కాదు నాయనా, కరగవలసినది మనసు కాదు, పద్దు.

కారా మాస్టారి ఇతర కథలూ ఇదే దృష్టితో చదువదగినవి. 'ఆర్తి'లో రెండు పేద కుటుంబాలు ఒకదానితో ఒకటి తగవులాడుతాయి. తగవుకు మూలం స్వభావదోషం కాదు, లేమి. 'చావు'లో చలిరాత్రి వృద్ధురాలు పోతే దహనానికి కట్టెలు కరవు. 'జీవధార'లో గుక్కెడు నీటి కోసం పేటవాసులు సంపన్నుల గేటు ముందు నిలబడవలసి వస్తుంది. మా మండలాలలో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిన ఊళ్ళు ఉన్నాయి. ట్యాంకరు చుట్టూ బిందెలతో కొట్లాడుకొన్న వేసవులు ఉన్నాయి. 'జీవధార'ను ఇక్కడి పిల్లలకు వివరించి చెప్పవలసిన అవసరం రాలేదు.

'యజ్ఞం' వచ్చిన పన్నెండేళ్ళకు, 1976లో, వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అప్పుకు ప్రతిగా మనిషి శ్రమను కట్టివేయడం నేరమైంది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2016 సవరణతో పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం, ఇంటివారికి బడివేళల తరువాత చేసే సాయం వంటి కొద్ది మినహాయింపులతో, అన్ని వృత్తులలోనూ నిషిద్ధమైంది. ఇవి చిన్న విషయాలు కావు. ఈ చట్టాల వలన బడికి వచ్చిన పిల్లలకు నేను పాఠాలు చెప్పాను. అయినా 'అడ్వాన్సు' అనే మాట ఆ తల్లి నోట ఎంత సహజంగా వచ్చిందో తలచుకొంటే, సుందరపాలెం పంచాయతీ ఇంకా ముగియలేదనిపిస్తుంది.

ఇక్కడ పరదేశపు కథలతో ఒక పోలిక చెప్పాలి. చిరుద్యోగి కథకు లోకమంతా ఆద్యుడుగా తలచే రష్యను రచయిత గొగోల్ 1842లో 'ఓవర్‌కోటు' కథ వెలువరించాడు. నకళ్ళు రాసే గుమాస్తా పస్తులుండి కోటు కుట్టించుకొంటాడు. అది దొంగల పాలవుతుంది. పెద్ద అధికారికి మొరపెట్టుకొంటే గద్దింపు దక్కుతుంది. మన కోట వాకిలి అక్కడా ఉంది. ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ 1914లో 'డబ్లినర్స్' అనే సంపుటి ప్రకటించాడు. అందులో ఎవలీన్ అనే యువతి ఇంటి చాకిరీనుండి తప్పించుకొని ఓడ ఎక్కి పోవాలని రేవు దాకా వస్తుంది. తీరా ఓడ కదిలేవేళ కాలు కదలదు. నగరమే ఒక మొద్దుబారిన శరీరమై మనుషులను పట్టి ఉంచుతుందని జాయిస్ చూపు.

ఈ కథ చదివినపుడల్లా నాకు మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు రైల్వే స్టేషన్లు కళ్ళకు కడతాయి. మా వాళ్ళ కాలు కదలక పోవడం లేదు. కదులుతూనే ఉంది. గుంటూరు మిరప చేలకు, హైదరాబాదు, బెంగుళూరు భవనాల పనులకు పిల్లాపాపలతో పోతూనే ఉన్నారు. చిక్కుబడడమంటే ఉన్నచోటనే ఉండిపోవడమని జాయిస్ వంటివారి కథలు చదివి మనం అనుకొంటాము. మా సీమ నేర్పిన పాఠం వేరు. ఎంత దూరం పోయినా విడివడని చిక్కు కూడా ఉన్నది. అడ్వాన్సు పుస్తకం మేస్త్రీ సంచిలో వాళ్ళ వెంటనే రైలెక్కుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటాము. నుయ్యి ఎండిపోయి, గొయ్యి పలకరాతి గని అయిన నేలలో ఆ సామెతకు అర్థం ఇంకొంచెం లోతుగా తెలుస్తుంది.

ఈ నేల ఎప్పుడూ ఇలాగే ఉన్నదా అంటే, కాదు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి కట్టిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఐదు వందల ఏళ్ళనాడు నీటిని నిలుపగలిగిన ప్రాంతమిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కొత్త జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అటు రాయలసీమ కరవు, ఇటు కోస్తా పేరు. అడకత్తెరలో పోకచెక్క అయింది మా బతుకు. ఈ ప్రాంత నాయకులు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టుకొన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. దాని జంట సొరంగాలను జాతికి అంకితం చేసినది 2024లో. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ బిడ్డ ఎక్కడ ఏ మేస్త్రీ కింద ఇటుకలు మోస్తూ ఆ వార్త విన్నాడో!

పలకల సంగతి కూడా మారింది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలకకు గిరాకీ తగ్గించాయి. అదే రాయి ఇప్పుడు ఇళ్ళ నేలలకు, గోడలకు అలంకారమై పరదేశాలకు కూడా పోతున్నది. రాయికి దారి దొరికింది. రాయిని కోసినవాడికి దొరికిందా అన్నది కథకులు అడుగవలసిన ప్రశ్న.

మన పక్క సీమ రైతు కుటుంబాల కుంగుబాటును కేతు విశ్వనాథరెడ్డిగారు తమ కథలలో నమోదు చేశారు. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్న ఆ కడప జిల్లా కథకుడు 2023లో మన ఒంగోలులోనే కన్నుమూశారు. ఉత్తరాంధ్రకు చాసో, రావిశాస్త్రి, కారా ఉన్నారు. కడప, అనంతపురాలకు తమ కథకులు ఉన్నారు. ఒక ప్రాంతపు బతుకు కథలోకి ఎక్కడం ఊరికే జరుగదు. అక్కడ పుట్టినవాడు, ఆ లెక్క తెలిసినవాడు, కూర్చొని రాస్తేనే జరుగుతుంది.

అందుచేత నా విద్యార్థులకు, ఈ పుట చదివే మన ప్రాంతపు చదువరులకు ఒక విన్నపం. కథ రాయడం చేతకాకపోయినా ఫరవాలేదు. మీ ఇంటి లెక్క రాసి ఉంచండి. మీ నాన్న రోజుకు ఎన్ని పలకలు కోసేవాడు, నూటికి ఎంత ఇచ్చేవారు, పగిలినవాటికి ఎంత తగ్గించేవారు, అడ్వాన్సు ఏ పండుగకు తీసుకొన్నారు, అది తీరడానికి ఎన్ని కోతలకు పోవలసి వచ్చింది, ఎవరు బడి మానేశారు - ఇవి రాయండి. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో 'కథానిలయం' స్థాపించి, పాత పత్రికలు వెదకి వెదకి తెలుగు కథలను సేకరించారు. తనకు వచ్చిన పురస్కారాల సొమ్మును దానికే వెచ్చించారు. రాసినది నిలిస్తేనే రేపటివాడు చదువుతాడని ఆయనకు తెలుసు.

పలక మీద రాసినది తడిచేత్తో తుడిస్తే పోతుంది. మా ఊళ్ళలో మనుషుల లెక్కలు ఇంతకాలం అలాగే తుడిచిపెట్టుకొని పోయాయి. షావుకారు పద్దుపుస్తకంలోవి మాత్రం నిలిచాయి. ఒకే లెక్కకు ఒక పక్క మాత్రమే మిగిలితే, ఆ పక్కవాడు చెప్పినదే న్యాయం అవుతుంది. సుందరపాలెం పంచాయతీలో జరిగింది అదే. రెండవ పక్క లెక్క రాయడమే కథకుడి పని అని ఇన్నేళ్ళ తరువాత నాకు అర్థమైంది. దానివలన తలుపు తెరుచుకొంటుందని నేను చెప్పలేను. తలుపు ఎక్కడున్నదో, ఎవరు మూశారో మాత్రం తెలుస్తుంది.

ఆ పిల్లవాడు ఇప్పుడు ముప్పై ఏళ్ళకు దగ్గర పడుతున్న యువకుడు. ఎక్కడున్నాడో తెలియదు. ఎప్పుడైనా, ఏ ఫోనులోనైనా ఈ వ్యాసం వాడి కంటబడితే నేను చెప్పదలచుకొన్నది ఇదే. నాయనా, ఆనాడు నీ ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పాను. కథలో మంచే గెలవాలని నియమం లేదు. నీ ప్రశ్న తెలుగు కథ నూరేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న. నిన్ను కూర్చోబెట్టవలసింది కాదు. తరగతి ముందుకు పిలిచి, నీ చేత మరొకసారి అడిగించవలసింది.